బంతి పిలిస్తే పలికే చెయ్యి: పార్కిన్సన్స్‌తో టేబుల్ టెన్నిస్

మా పెదనాన్న చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటారు. పై గుండీతో మొదలుపెట్టి మూడోదాకా వచ్చేసరికి వేళ్లు మొరాయిస్తాయి. గుండీ అంచు బొటనవేలికి తగులుతూనే ఉంటుంది, కాజాలోకి మాత్రం దూరదు. చేతులు కిందికి దించి, ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతారు. అదే మనిషి గంట తర్వాత టేబుల్ టెన్నిస్ బల్ల ముందు నిలబడి, నేను కాస్త గట్టిగానే కొట్టిన బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో ఎడమ మూలకు పంపిస్తారు. నేను కదిలేలోపే పాయింట్ అయిపోతుంది.

ఒకరోజు పెద్దమ్మ ఆట చూడ్డానికి వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు నాతో మెల్లగా అంది: “అక్కడ అంత చురుగ్గా ఆడే మనిషికి ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికి ఏమొచ్చిందిరా? అన్నీ నేనే చెయ్యాలనేగా?” ఏళ్ల తరబడి సేవ చేసి అలసిపోయిన మనిషి మాట అది, తప్పు పట్టలేను. పెదనాన్న వినే ఉంటారు. ముఖంలో మాత్రం ఏమీ కనిపించలేదు. ముఖ కండరాల కదలిక తగ్గిపోయి, లోపలున్న బాధా సంతోషం పైకి తేలకపోవడం కూడా ఆయనకున్న పార్కిన్సన్స్ జబ్బు లక్షణాల్లో ఒకటి.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చదివిందీ, బల్ల దగ్గర కళ్లారా చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. ఆ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా పార్కిన్సన్స్ ఉంది. పాతికేళ్లలో ఆ సంఖ్య రెట్టింపైంది. అన్ని ఇళ్లలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు “కావాలనే చేస్తున్నాడేమో” అనుకునే ఉంటారు. ఆ అనుమానం ఎందుకు తప్పో ఈ చిన్న బంతి చెప్పినంత స్పష్టంగా నాకు ఇంకేదీ చెప్పలేదు.

బలం ఉంది, మొదలే పడదు

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు మనుషుల్లో చూసిన లక్షణాలను కలిపి ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించాడు. ఆయన పెట్టిన ‘షేకింగ్ పాల్సీ’ (వణుకు పక్షవాతం) అన్న పేరులోనూ వణుకే ముందుంది, మన కంపవాతం అన్న పేరులోనూ వణుకే ముందుంది. దాంతో వణుకే జబ్బు అన్న అభిప్రాయం బలపడిపోయింది. నిజానికి కొంతమందికి వణుకు అసలు రాదు. నిర్ధారణ కోసం డాక్టర్లు తప్పనిసరిగా వెతికేది కదలికల్లో నెమ్మదితనాన్ని. దానికి తోడు వణుకో, కండరాల బిగుతో ఉండాలి.

నడిమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి మెదడు లోతుల్లో ఉన్న బేసల్ గాంగ్లియా అనే కేంద్రాలకు అందిస్తాయి. పార్కిన్సన్స్‌లో ఆ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతూ వస్తాయి. పైకి ఏదో తేడాగా ఉందని తెలిసేసరికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది.

బేసల్ గాంగ్లియా చేసే పనుల్లో ఒకటి, అలవాటైన కదలికలను మన దృష్టి పెట్టనక్కర్లేకుండా నడిపించడం. నడిచేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలో ఎవరూ ఆలోచించరు. గుండీలు పెట్టుకుంటూ ఫోన్ మాట్లాడతాం. సంతకం చేస్తూ మరో విషయం గురించి ఆలోచిస్తాం. డోపమైన్ కొరత ముందుగా దెబ్బతీసేది సరిగ్గా ఈ అలవాటు పనులను చూసే భాగాన్నే. దాంతో అరవై ఏళ్లుగా దానంతటదే జరిగిపోయిన పని, మొదటిసారి నేర్చుకుంటున్నట్టు అంగుళం అంగుళం ఆలోచించి చెయ్యాల్సి వస్తుంది. అక్షరాలు రాస్తూ రాస్తూ చిన్నవైపోతాయి. నడకలో అడుగు కుదించుకుపోతుంది. గొంతు లోపలికి వెళ్లిపోతుంది.

కండరాల్లో సత్తువ చాలావరకు ఉంటుంది, కానీ ఎంత వాడాలో మెదడు లెక్క తప్పుతుంది. పెట్టె నిండా డబ్బున్నా రూపాయి బయటికి తియ్యనివ్వని పిసినారి లోపల కూర్చున్నట్టు ఊహించుకోండి. పెదనాన్న చెయ్యి బాగా చాపాననే అనుకుంటారు. చూస్తే అది సగందాకే వచ్చి ఉంటుంది. తనకు తెలియదు. చెబితే ఆశ్చర్యపోతారు, మళ్లీ చాపితే ఈసారి పూర్తిగా వస్తుంది. ఆ రెండోసారి వచ్చిందే, అది చాలా ముఖ్యం. దారి పూర్తిగా మూసుకుపోలేదని దానర్థం.

పక్కదారి

కదలికకు పిలుపు రెండు వైపుల నుంచి వస్తుంది. లేచి వెళ్లి తలుపు తియ్యాలి అని నాకు నేనే అనుకుని లేవడం ఒకటి. దొర్లిపోతున్న గ్లాసును చటుక్కున పట్టుకోవడం ఇంకొకటి. మొదటిది లోపలి నుంచి పుట్టాలి. అందులో బేసల్ గాంగ్లియా సాయం ఎక్కువ కావాలి. రెండోదానికి పిలుపు బయటి నుంచి వస్తుంది. కన్ను చూస్తుంది, చూపుకూ కదలికకూ మధ్య ఉన్న దారుల్లో, చిన్నమెదడు సాయంతో చెయ్యి కదులుతుంది. పార్కిన్సన్స్‌లో ఈ రెండో దారి మొదటిదానికంటే చాలా మెరుగ్గా మిగిలి ఉంటుంది. మెదడులో పనులు ఇంత శుభ్రంగా రెండు గదుల్లో సర్ది ఉండవు. కానీ ఈ తేడా ఉందన్నది మాత్రం డాక్టర్లు నూరేళ్లుగా చూస్తున్న విషయం.

ఫ్రెంచి న్యూరాలజిస్ట్ అలెగ్జాండర్ సూక్ 1921లోనే దీనికి ఒక పేరు పెట్టాడు. తెలుగులో విరుద్ధ చలనం అనుకోవచ్చు. కుర్చీలోంచి లేవలేని మనిషి అగ్నిప్రమాదం జరిగితే పరిగెత్తడం లాంటివన్నమాట. రోజువారీ బతుకులో దీని చిన్న రూపాలు కనిపిస్తూనే ఉంటాయి. గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయిన మనిషి, నేల మీద అడ్డంగా ఒక గీత ఉంటే దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతాడు. చదునైన నేల మీద తడబడేవాళ్లు కొందరు మెట్లు సునాయాసంగా ఎక్కేస్తారు. 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో 58 ఏళ్ల మనిషి గురించి రాశారు. నాలుగు అడుగులు కూడా సరిగ్గా వెయ్యలేని అతను సైకిలెక్కి హాయిగా తొక్కుకుంటూ వెళ్లాడు. దిగగానే మళ్లీ కాళ్లు ఆగిపోయాయి.

టేబుల్ టెన్నిస్‌కు దగ్గరగా వచ్చే ప్రయోగం 1998లో ‘బ్రెయిన్’ పత్రికలో అచ్చయింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లను కదలకుండా ఉన్న ఒక బంతిని వీలైనంత వేగంగా అందుకోమన్నారు. ఆ జబ్బు లేనివాళ్లకంటే నెమ్మదిగా అందుకున్నారు. అది వాళ్ల గరిష్ఠ వేగం అనుకుంటాం కదా. తర్వాత అదే బంతిని వాలు బల్ల మీద దొర్లించి పట్టుకోమన్నారు. ఈసారి వాళ్ల చేతుల వేగం జబ్బు లేనివాళ్లతో సమానమైంది. అంటే తాము పెట్టగలిగిందంతా పెట్టామనుకున్న వేగాన్ని వాళ్లే దాటేశారు. కదిలే బంతిని చూసి చేతి వేగం పెరగడం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకే ప్రత్యేకం కాదని, అందరి మెదళ్లూ అలాగే చేస్తాయని తర్వాత వచ్చిన పరిశోధన ఒకటి చెప్పింది. నిజమే కావచ్చు. అయినా ఆ ఊతం ఎవరికి ఎక్కువ అవసరమో వేరే చెప్పాలా?

ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు సంగతి చూడండి. గ్లాసు కదలదు, పిలవదు, గడువు పెట్టదు. చెయ్యి చాపాలన్న ఆజ్ఞ మొత్తం లోపలి నుంచే రావాలి. బంతి అలా కాదు. బల్ల పొడవు 2.74 మీటర్లు. సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తే, అంటే చాలా తాపీగా వస్తే, అర సెకను కాస్త దాటేసరికి ఇటు చివరికి వచ్చేస్తుంది. ఎప్పుడు కదలాలో, ఎక్కడికి కదలాలో, ఎంత కదలాలో అన్నీ అదే చెబుతూ వస్తుంది. నేల మీద గీత చేసే పనినే ఈ 2.7 గ్రాముల బంతి గాల్లో ఎగురుతూ చేస్తుంది, అదీ ప్రతి రెండు మూడు సెకన్లకొకసారి.

సర్వీస్ దగ్గర తెలిసే తేడా

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే ల్యాబుకు వెళ్లనక్కర్లేదు. పార్కిన్సన్స్ ఉన్న మనిషి సర్వీస్ చేసేటప్పుడు, తిప్పికొట్టేటప్పుడు పక్కన నిలబడి చూస్తే చాలు. ఆట ఒకటే, బ్యాట్ ఒకటే, చెయ్యి అదే. కానీ టేబుల్ టెన్నిస్‌లో పూర్తిగా మనంతట మనమే మొదలుపెట్టాల్సిన దెబ్బ సర్వీస్ ఒక్కటే.

పెదనాన్న సర్వీస్ ఇలా ఉంటుంది. ఎడమ అరచేతిలో బంతి పెట్టుకుంటారు. చెయ్యి సన్నగా వణుకుతూ ఉంటుంది, బంతి అరచేతిలో అటూ ఇటూ కదులుతుంది. బ్యాట్ వెనక్కి వెళుతుంది. అక్కడ ఆగిపోతుంది. ఒక సెకను, రెండు, మూడు. ఆయన కళ్లు నెట్ మీదే ఉంటాయి. మనసులో ఎప్పుడో కొట్టేశారు, చెయ్యికి ఆ కబురు అందలేదు. చివరికి బంతి ఎగరేస్తే, ఎగరేసిన చెయ్యికీ కొట్టే చెయ్యికీ పొత్తు కుదరక అది పక్కకు పోతుంది. రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు ఒకే క్షణంలో చెయ్యాలి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు బాగా కష్టమైన వాటిలో అదొకటి. ఎలాగో సర్వీస్ నెట్ దాటిందా, నేను తిప్పికొట్టిన మరుక్షణం ఆయన వేరే మనిషి.

అంతర్జాతీయ నియమం ప్రకారం సర్వీస్‌కు ముందు బంతి తెరిచిన అరచేతిలో కదలకుండా ఉండాలి, దాదాపు నిట్టనిలువుగా కనీసం 16 సెంటీమీటర్లు ఎగరెయ్యాలి, కిందికి దిగేటప్పుడు కొట్టాలి. కదలకుండా ఉండాలి అన్న షరతు వణికే చేతికి ఎంత కఠినమో చూడండి. అయితే అదే నియమావళిలో, శారీరక లోపం వల్ల ఆటగాడు నియమం పాటించలేడని అంపైర్‌కు నమ్మకం కుదిరితే సడలించవచ్చన్న మాట కూడా ఉంది. ఈ సంగతి తెలియక, ఫౌల్ అంటారేమోనన్న బెరుకుతో నలుగురిలో ఆడడం మానుకునేవాళ్లు ఉంటారు. తెలుసుకోవాలి, అడగాలి.

మేం కనిపెట్టిన ఉపాయం చిన్నది. సర్వీస్‌కు ముందు ఆయన బంతిని బల్ల మీద రెండుసార్లు తడతారు. టక్, టక్. మూడో టక్ పడాల్సిన చోట సర్వీస్ కొడతారు. ఆ లయే బయటి పిలుపు అవుతుంది. కొందరు పైకి లెక్కపెట్టుకుంటారు. ఫిజియోథెరపిస్టులు నడకకు మెట్రోనోమ్ (టక్ టక్‌మని లయ వేసే పరికరం) వాడడం వెనక ఉన్న సూత్రమూ ఇదే.

వణుకు గురించి కూడా ఒక మాట. పార్కిన్సన్స్ వణుకు ముఖ్యంగా చెయ్యి ఖాళీగా, విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చేది, సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు. పని మొదలైతే చాలామందిలో తగ్గుతుంది. అందుకే బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డప్పుడు బ్యాట్ అంచు గజగజలాడుతుంది, ఊపు అందుకోగానే ఆగిపోతుంది. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, ఆడేవాళ్లకు మాత్రం అది అలవాటే. స్కోరు పదికి పది అయిందంటే ఆ ఎదురుచూపులో వణుకు రెట్టింపవుతుంది. ఒత్తిడి ఈ వణుకును పెంచుతుంది. అప్పుడు “గట్టిగా పట్టుకోండి” అని చెప్పకూడదు. పట్టు బిగిస్తే బిగుతు పెరుగుతుందే తప్ప వణుకు తగ్గదు.

లెక్కలు ఏమంటున్నాయి

ఇంతవరకు చెప్పింది ఆడే క్షణంలో ఏం జరుగుతుందన్నది. బల్ల వదిలి ఇంటికొచ్చాక ఏమైనా మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న, దాన్ని దీనితో కలిపెయ్యడం వల్లే చాలా గందరగోళం పుడుతుంది.

జపాన్‌లోని ఫుకువోకా విశ్వవిద్యాలయంలో కెనిచి ఇనోవే బృందం ఒక చిన్న అధ్యయనం చేసింది. సగటు వయసు 73 ఏళ్లున్న 12 మంది పార్కిన్సన్స్ రోగులు వారానికొకసారి, ఒక్కో విడత ఐదు గంటల చొప్పున, ఆరు నెలలపాటు వ్యాయామాలు చేసి, అనుభవమున్న ఆటగాళ్ల దగ్గర టేబుల్ టెన్నిస్ ఆడారు. 2020లో బయటికొచ్చిన ఫలితాల్లో మాట, చేతిరాత, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి లేవడం, నడక మెరుగయ్యాయి. బిగుతు, నెమ్మదితనం, చేతి వణుకు కూడా కొంత తగ్గాయి. మొదట్లో మంచం మీంచి లేవడానికి సగటున రెండుకంటే ఎక్కువ ప్రయత్నాలు పట్టేవి, చివరికి ఒక్క ప్రయత్నం సరిపోయింది. ఒకరు పడిపోయారు, ఒకరికి నడుంనొప్పి వచ్చింది.

వార్తాపత్రికల్లో ఇది “పింగ్‌పాంగ్‌తో పార్కిన్సన్స్‌కు చెక్” అన్నంత పెద్దదైపోయింది. ఆ ఫలితం చదివినప్పుడు నాకూ కళ్లు చెమర్చాయి. కానీ అది 12 మందితో చేసింది. ఆడనివాళ్ల బృందం ఒకటి పెట్టుకుని పోల్చలేదు. పార్కిన్సన్స్‌లో పోలిక లేకపోవడం మామూలు లోపం కాదు. 2001లో కెనడా శాస్త్రవేత్తలు రోగులకు మందు పేరుతో ఉత్త ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ తీస్తే, బాగవుతామన్న ఆశ వల్లే మెదడులో డోపమైన్ నిజంగా విడుదలైంది. ఆశకే ఇంత బలమున్న జబ్బులో, ఏ మార్పు ఆటది, ఏది ఆశది, ఏది వారానికొకసారి పదిమందిని కలవడానిది అని విడదియ్యాలంటే పోల్చి చూడాల్సిందే.

వ్యాయామం మొత్తంగా తీసుకుంటే పునాది గట్టిగా ఉంది. 2023లో, వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ 156 ప్రయోగ పరీక్షలను, వాటిలోని 7,939 మందిని కలిపి పరిశీలించింది. నాట్యం, నీళ్లలో వ్యాయామం, నడక, బరువులు ఇలా చాలా రకాల వ్యాయామాలు కదలికలకూ జీవన నాణ్యతకూ మేలు చేస్తాయని, ఏ ఒక్కటీ మిగతావాటికంటే స్పష్టంగా గొప్పదని చెప్పలేమని తేల్చింది. 2018లో అచ్చయిన మరో అధ్యయనంలో 128 మందిని మూడు బృందాలు చేశారు. గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా వారానికి నాలుగుసార్లు ట్రెడ్‌మిల్ మీద నడవమని చెప్పిన వాళ్లలో ఆరు నెలల తర్వాత కదలికల స్కోరు దాదాపు మొదట ఉన్నచోటే ఉంది. ఆ వ్యాయామం లేకుండా మామూలు చికిత్సతోనే ఉన్న రోగులది మూడు పాయింట్లకు పైగా దిగజారింది.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. టేబుల్ టెన్నిస్ మంచి వ్యాయామాల్లో ఒకటి. దానికి బయటి పిలుపు, చూపుకూ చేతికీ పొత్తు, పక్క మనిషి తోడు అదనంగా ఉన్నాయి. ఇవన్నీ పార్కిన్సన్స్‌కు పనికొచ్చేవే. కానీ నిలబడి మెల్లగా ఆడితే గుండె వేగం అంతగా పెరగకపోవచ్చు, కాబట్టి వేగంగా నడవడం మానెయ్యకూడదు. చనిపోయిన కణాలను ఇది తిరిగి తెస్తుందనడానికి, జబ్బును ఆపేస్తుందనడానికి రుజువు లేదు. మాత్రలు మానేసి ఆట ఆడమని ఎవరైనా చెబితే వినకండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

అన్నిటికన్నా తేలిగ్గా మరిచిపోయే మేలు ఒకటుంది. పార్కిన్సన్స్‌లో దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం చాలామందికి వస్తాయి, డోపమైన్ కొరతకు అందులోనూ పాత్ర ఉంది. “రోజూ అరగంట వ్యాయామం చెయ్యండి” అన్న సలహా వాళ్లకు గుండీ లాంటిదే, లోపలి నుంచి మొదలవ్వాలి. “ఐదింటికి బల్ల దగ్గర ఉంటాను, రండి” అని ఒక మనిషి అనడం బంతి లాంటిది.

ఒక సంగీతకారుడి బల్ల

క్రొయేషియాలో పుట్టి న్యూయార్క్ ప్రాంతంలో స్థిరపడిన సంగీతకారుడు నెనాద్ బాక్‌కు పార్కిన్సన్స్ వచ్చి గిటార్ వాయించడం కుదరకుండా పోయింది. టేబుల్ టెన్నిస్ ఆడుతూ వెళ్లాక మళ్లీ వాయించగలిగానని ఆయన చెప్పారు. 2017లో తనలాంటివాళ్లను కూడగట్టి పింగ్‌పాంగ్‌పార్కిన్సన్ అనే సంస్థ మొదలుపెట్టారు. వాళ్లు ఆడే వెస్ట్‌చెస్టర్ టేబుల్ టెన్నిస్ సెంటర్, న్యూయార్క్ టైమ్స్ గళ్లనుడికట్టు సంపాదకుడు విల్ షార్ట్స్‌ది. 2019 అక్టోబరులో అక్కడే అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య ఆధ్వర్యంలో మొదటి పార్కిన్సన్స్ ప్రపంచ పోటీలు జరిగాయి, 12 దేశాల నుంచి 64 మంది వచ్చారు. తర్వాత 2021లో బెర్లిన్‌లో, 2022లో క్రొయేషియాలోని పులాలో, 2023లో ఆస్ట్రియాలోని వెల్స్‌లో ఆడారు. జబ్బు ఎంత ముదిరిందో చూసి తరగతులుగా విడదీసి ఆడిస్తారు.

ఒక్క మనిషి గిటార్ కథ శాస్త్రీయ రుజువు కాదు, సంగతి తెలుసు. కానీ ఆ పోటీల్లో పాల్గొన్నవాళ్లకు చెయ్యి వణికినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఆ వెసులుబాటు ఎంత విలువైనదో, నలుగురిలో గ్లాసు ఎత్తడానికి భయపడే మనిషిని దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలుస్తుంది.

బల్ల దగ్గర జాగ్రత్తలు

ముందు మందు వేళ. మెదడులో డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న సమయం, దాని ప్రభావం దిగిపోయిన సమయం అని రోజు రెండు ముక్కలవుతుంది. మాత్ర వేసుకున్న అరగంటకో గంటకో శరీరం తేలికవుతుంది, ఆ వేళకే ఆట పెట్టుకోవాలి. ప్రొటీన్ ఎక్కువున్న భోజనంతో పాటు వేసుకుంటే మందు పేగుల్లోంచి సరిగ్గా ఎక్కకపోవచ్చు, వేళలు డాక్టర్‌తో మాట్లాడి కుదుర్చుకోవాలి. కొందరికి మందు బాగా పనిచేసే వేళ ఒళ్లు తనంతట తాను మెలికలు తిరుగుతుంది. అది ఆట వల్ల వచ్చింది కాదు, కంగారుపడి ఆపేయించనక్కర్లేదు, కానీ డాక్టర్‌కు చెప్పాలి.

పడిపోవడం గురించి మాత్రం భయం ఉండాల్సిందే. చాలామంది బంతి వెంట పరిగెత్తేటప్పుడు పడతారేమో అనుకుంటారు. నేను చూసినంతలో అసలు ప్రమాదం ర్యాలీకీ ర్యాలీకీ మధ్య ఉంది. బంతి వెనక్కి దొర్లుతుంది. దాని కోసం గిర్రున తిరగాలి, తిరిగేటప్పుడే కాళ్లు అతుక్కుపోతాయి. వంగాలి. వంగి లేచేటప్పుడు రక్తపోటు చటుక్కున పడిపోయి కళ్లు తిరుగుతాయి, జబ్బూ మందులూ రెండూ అందుకు కారణమే. పైగా ఆ క్షణంలో కదిలే బంతి లేదు, పిలుపు లేదు. మేం ఇప్పుడు ఒక డబ్బా నిండా బంతులు పెట్టుకుంటాం. ఒకటి పోతే ఇంకొకటి, డబ్బా ఖాళీ అయ్యాక నేను ఏరుతాను. ఆయన వంగరు. దీనివల్ల ఇంకో లాభం, బంతులు వరసగా అందుతుంటే లయ తెగదు.

రెండోది వెనకడుగు. పార్కిన్సన్స్‌లో వెనక్కి తూలితే సర్దుకోవడం చాలా కష్టం. బల్ల చివరన పడే పొడవాటి బంతులు మనిషిని వెనక్కి నెడతాయి, కాబట్టి ఎదుటివాళ్లు బల్ల మధ్యలో పడేలా ఆడాలి. వెనక కుర్చీలు, సంచులు ఉండకూడదు. నిలకడ బాగా తగ్గినవాళ్లు కుర్చీలో కూర్చుని ఆడవచ్చు, చక్రాల కుర్చీలో ప్రపంచస్థాయిలో ఆడేవాళ్లే ఉన్నారు. మొదలుపెట్టే ముందు న్యూరాలజిస్టుకో ఫిజియోథెరపిస్టుకో ఒకసారి చూపించుకోవడం మర్యాద కోసం చెప్పే మాట కాదు, నిలకడ ఏ స్థాయిలో ఉందో వాళ్లే తేల్చగలరు.

ఈ జబ్బులో వెలుగునీడల తేడా పట్టే శక్తి కూడా తగ్గవచ్చు. తెల్లగోడ ముందు తెల్ల బంతి కనపడక, చెయ్యి ఆలస్యమైందనుకుంటాం. నారింజరంగు బంతి పెట్టి చూడండి.

ర్యాలీ సాగేకొద్దీ దెబ్బలు చిన్నవవుతాయి, రాస్తుంటే అక్షరాలు చిన్నవైనట్టే. “వేగంగా” అంటే ఇంకా కుంచించుకుపోతారు. “పెద్దగా తిప్పండి” అనాలి. ఆ ఒక్క మాట చాలాసార్లు పనిచేస్తుంది. కదలికను కావాలని పెద్దది చెయ్యడం మీదే నడిచే ఫిజియోథెరపీ పద్ధతులున్నాయి. గొంతుకూ అదే సూత్రం. పాయింట్ అవగానే స్కోరు చెప్పడం సర్వీస్ చేసేవాళ్ల పని అని మేం పెట్టుకున్నాం. ఎదుటి చివరికి వినపడాలి. రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దూరం గొంతుకు మంచి కొలబద్ద.

పెద్దమ్మకు ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు. గ్లాసుకూ బంతికీ ఉన్న తేడా చెప్పిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “అయితే బంతి లేనిచోట ఏం చెయ్యాలి?” అంది చివరికి. మంచి ప్రశ్న. గుమ్మం దగ్గర నేల మీద రంగు టేపు అతికించాం. గుండీల దగ్గర ఆమె ఇప్పుడు తొందరపెట్టదు, “ఒకటి... రెండు...” అని లెక్కపెడుతుంది. కొన్ని రోజులు పనిచేస్తుంది, కొన్ని రోజులు పనిచెయ్యదు. పనిచెయ్యని రోజు తనే గుండీలు పెట్టేస్తుంది, ఆయన పెట్టించుకుంటారు.

వారానికి రెండుసార్లు ఆమె కూడా వస్తోంది. బల్ల పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని స్కోరు రాస్తుంది. వినపడకపోతే రాయదు. నిన్న సాయంత్రం పెదనాన్న పాయింట్ కొట్టి ఏదో అన్నారు, పెదవులు మాత్రమే కదిలాయి.

“ఏవండీ, వినపడలా.”

ఆయన బ్యాట్ బల్ల మీద పెట్టి, నిండా ఊపిరి పీల్చుకుని, హాలు చివరి బల్ల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూసేలా అన్నారు:

“తొమ్మిది, ఏడు!”